చప్పుడు చేసే ఫ్యాను

బెజవాడ నుంచి జగ్గయ్యపేట వచ్చే బస్సు అది. పక్క సీటాయన ఒళ్లో, కంప్యూటర్ లోపల వేడి తగ్గించడానికి బిగించే చిన్న ఫ్యాను కనబడింది. మా ఆవిడ కంప్యూటర్ మోత భరించలేనంటుంటే ఆ రోజే నేనూ ఒక పెద్ద ఫ్యాను కొన్నాను. కొట్టులో విన్న పాఠం ఆయనకు అప్పజెప్పకుండా ఉండలేకపోయాను.

“చిన్నది బాగా చప్పుడు చేస్తుందండీ. పెద్దది తీసుకుని కంప్యూటర్లో కరెంటిచ్చే పసుపు వైరుకీ ఎర్ర వైరుకీ కలపండి. పన్నెండుకి బదులు ఏడు వోల్టులే అందుతాయి, నెమ్మదిగా తిరుగుతుంది.”

“తెలుసండి. ఇంట్లో ఉన్నది అదే,” అన్నాడాయన. “పెళ్లికార్డులు కంపోజ్ చేస్తుంటా. మాది ఒకటే గది. ‘మీ పిండిమర ఆపుతారా, నన్ను లేచి రమ్మంటారా’ అని మా ఆవిడ తిట్టేది. జబ్బుచేసి మంచం పట్టాక, పెద్ద ఫ్యాను తెచ్చి మీరన్నట్టే కలిపా. హాయిగా నిద్రపోయేది.”

“మరి ఇదెందుకండీ?”

“ఆవిడ పోయిందండి. ఇప్పుడు ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. కూర్చోలేకపోతున్నా. అందుకే బాగా మోత చేసేదే అడిగి తెచ్చుకున్నా.”

కీసర దాటాక ఆయన ఆ ఫ్యానును కిటికీ గాలికి ఎదురుగా పట్టుకున్నాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. నందిగామలో దిగేదాకా దానికి చెవి ఆనించే కూర్చున్నాడు.

నా సంచిలోని పెద్ద ఫ్యాను చాలాకాలం సంచిలోనే ఉండిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ “ఆ మోతేంటండీ!” అని కేకేసినప్పుడల్లా, “రేపు బిగిస్తాలే” అనేవాణ్ణి.