చిప్పల మీద చుక్కలు పెట్టిన అక్క

మా పక్కింటి అక్క పోయిన సోమవారం ఉదయం చనిపోయింది. టీ కాచుకుని, స్టవ్ ఆపి, కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆమె తమ్ముడు వచ్చి నాకీ మాట చెప్పేసరికి నేను ఆఫీసుకు బయలుదేరుతున్నాను.

అక్క శాస్త్రవేత్త కాదు. పదో తరగతితో చదువు ఆపేసింది. అయినా ఊరి బయట జిగణి వైపున్న ఒక పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లు పనిచేసింది. కోట్ల ఏళ్ల కిందటి జీవులు తరతరానికీ ఎలా మారాయో కంప్యూటర్‌తో లెక్కగట్టే చోటు అది.

బళేపేటలో వాళ్లది గాజుల కొట్టు. అక్క చెయ్యి తాకకుండానే సైజు చెప్పేది. "కుడి చెయ్యి వేరే, ఎడమ చెయ్యి వేరే ఉంటాదప్పా. రెండూ ఒకటే అనుకుంటే గాజు పగులుతాది" అనేది. ఒకరోజు గాజులు కొనడానికి వచ్చిన ప్రొఫెసరమ్మ ఆ మాట విని, తమ దగ్గర పనికి వస్తారా అని అడిగింది.

"ఆడ గాజులు ఎవురికి?"

"గాజులు కాదు. రాళ్లలో దొరికిన చిప్పలు."

"చిప్పలకు కుడి ఎడమ ఉంటాదా?"

"ఉంటుంది. అందుకే అడుగుతున్నా."

ఆల్చిప్పకు రెండు పలకలుంటాయి. ఎడమది కుడిదానికి అద్దంలో బొమ్మ లాంటిది. అక్క పని ఏమిటంటే, ఒక్కో చిప్ప ఫోటోను తెర మీద పెద్దది చేసి, గీత ఎక్కడ వంగింది, అంచు ఎక్కడ తిరిగింది చూసి చుక్కలు పెట్టడం. ఆ చుక్కల్ని ప్రోగ్రాం పోల్చి, కింది రాతిపొర నుంచి పై పొర దాకా ఆకారం ఎంత మారిందో చెబుతుంది. కుడి చిప్పలు దొరికితే ఫోటోను అద్దంలోలా తిప్పి ఎడమవాటితో కలపాలి. "మిషన్‌కి బుద్ధి లేదు, ఇచ్చిందంతా తింటాది. బుద్ధి మనకే ఉండాల" అని నాతో చెప్పింది.

ప్రతి చుక్కకూ ముందు అరచెయ్యి కొంగుకు తుడుచుకునేది. కంప్యూటరు ముందు అన్నం తినేది కాదు, తిన్నవాళ్లను ఊరుకునేదీ కాదు. అక్కడి కుర్రాళ్లు "అక్కా, ఇది మ్యూజియమా, గుడా?" అని ఏడిపిస్తే, "రెండూ కాదు, నా సీటు. లెయ్యి" అనేదట.

నాలుగేళ్ల కిందట ఆ కేంద్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి పని గురించి నేను వార్త రాశాను. ఒక రాతిపొర దగ్గర చిప్ప ఆకారం ఒక్కసారిగా మారిపోయిందని ఆమె లెక్క తేల్చింది. పరిశోధన పత్రం అప్పటికే అచ్చయింది. పది రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. మా పత్రిక కింది పొర చిప్ప, పై పొర చిప్ప ఫోటోలు పక్కపక్కన వేసింది.

పొద్దున్నే అక్క పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏమప్పా, ఈ ఫోటో మీరేమైనా తిప్పినారా?"

"లేదక్కా. వాళ్లిచ్చిందే వేశాం."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. చిప్ప పక్కన నంబరు రాసిన చీటీ పెట్టి ఫోటో తీస్తారు. పై పొరలో దొరికినవి పెట్టిన ట్రేలోవన్నీ కుడి చిప్పలు. వాటిని ఒకసారి తిప్పితే చీటీ మీద నంబరు తిరగబడి కనిపించాలి. పేపర్లో అది తిన్నగా ఉంది. ఫోటో తీసినవాళ్లు ఒకసారి తిప్పి ఇచ్చారు. ఆ సంగతి తెలియక, చీటీ చూడకుండా అక్క మళ్లీ తిప్పింది. ఆ చిప్ప రెండు వైపులా దాదాపు సమంగా ఉండేది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. జీవి ఒక్కసారిగా మారలేదు, బొమ్మే మారింది.

"ఇన్నాళ్లు ఎవరూ చూడలేదు కదక్కా. ఇకముందు మాత్రం ఎవరు చూస్తారు?" అన్నాను. విలేఖరిగా అనకూడని మాట.

"నేను చూసినా కదప్పా" అంది.

ఆ రోజే వెళ్లి ఆ అమ్మాయికి చెప్పింది. తర్వాత ఏం జరిగిందో ఆ అమ్మాయే నాకు చెప్పింది.

"అక్కా, టెన్ డేస్‌లో సబ్మిట్ చేయాలి. ఇప్పుడా చెప్పేది?" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

"ఇప్పుడే చూసినా తల్లీ. రేపు చెప్పింటే ఒక దినం లేటయ్యేది కదా."

సరిచేసిన చుక్కలతో ప్రోగ్రాంను మళ్లీ నడిపారు. గ్రాఫులో నిటారుగా లేచిన గీత పోయి, మెల్లగా ఎక్కే ఏటవాలు వచ్చింది. పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. థీసిస్ ఆగిపోయింది. అక్క పని మానేస్తానంటే, "మీరు వెళ్లిపోతే మిగతా ట్రేలు ఎవరు చూస్తారు?" అంది ప్రొఫెసరమ్మ. ఆ అమ్మాయి రెండు వారాలు అక్కతో మాట్లాడలేదు. మూడో వారం తనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఏడాది పాటు ఇద్దరూ ఒక్కో ఫోటోలో చీటీ చదువుతూ అన్ని ట్రేలూ మొదటి నుంచి కొలిచారు.

నేను సవరణ రాశాను. లోపలి పేజీలో, ఒక మూల వచ్చింది. అక్క అది చదివి, "అంత పెద్ద తప్పుకు ఇంత చిన్న దిద్దుబాటా? బేజారప్పా" అంది.

మరుసటి ఏడు ఆ అమ్మాయి థీసిస్ మీద పరీక్ష జరిగిన రోజు నన్ను కూడా పిలిచారు. తెర మీద ఏటవాలు గీత. మార్పు నిదానంగా, లక్షల ఏళ్ల మీద జరిగిందని ఆమె చెప్పింది. ముందు అచ్చయిన పత్రం ఎందుకు తప్పో కూడా దాచకుండా చెప్పింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లద్దాలు తీసి, "ఈ పొరపాటు పట్టుకున్నది ఎవరు?" అని అడిగాడు.

ఆమె హాలు చివరి వరసకేసి చెయ్యి చూపింది. అందరూ వెనక్కి తిరిగారు.

చివరి వరసలో కూర్చున్న అక్క కూడా, ఎవరా అని, మెడ తిప్పి వెనక్కి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.