బందా, ఖుల్లానా?

ఆ రోజుల్లో పాతబస్తీలో కాపురమున్న మా కోస్తా వాళ్లకు రెండు రకాల ఉర్దూ వచ్చేది. ఒకటి బజారులో మాట్లాడేది, రెండోది ఇంటికొచ్చాక "ఇలా దంచేశాను" అని చెప్పుకునేది. నాకు రెండోది బాగా వచ్చు. మా నాన్నగారి ఉద్యోగం ధర్మమా అని కృష్ణా జిల్లా నుంచి వచ్చి గౌలిపురలో అద్దెకు దిగాం. నాకూ ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. "హౌ", "నక్కో", "కైకు" అనే మూడు మాటల్ని (అవును, వద్దు, ఎందుకు) తిప్పి తిప్పి వాడుకుంటూ ఈ నగరం నా గుప్పిట్లో ఉందనుకునేవాణ్ణి. ఆ మూడింటిలో "ఎందుకు" అన్న మాటను అసలు వాడవలసిన చోట వాడలేదని చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మా సందు చివర పాలవాళ్ల ఇల్లు ఉండేది. పొద్దున్నే చెంబు పట్టుకుని అక్కడికి వెళ్లడం మొదట మా చెల్లెలి పని. దాన్ని నేనెందుకు లాక్కున్నానో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, నాకే ఆఖర్న తెలిసింది. ఆ ఇంటి పెద్దమ్మాయి పాలు పిండేది. వాళ్లకున్న గేదెల్లో (నేను గేదె అంటే వాళ్లు నవ్వేవాళ్లు, అక్కడ దాని పేరు బర్రె) నుదుట తెల్లచుక్క ఉన్నదాన్ని సుక్క అని పిలిచేవారు. ఆ సుక్క ఆమెకు తప్ప ఎవరికీ చేపేది కాదు. తల్లి కూర్చుంటే పాలు ఎగబట్టేది, తండ్రి కూర్చుంటే తన్నేది. ఈ అమ్మాయి వచ్చి "రా నా తల్లి, ఏమైంది నీకు, అలిగినవా?" అంటూ పొదుగు మీద నీళ్లు చల్లి చెయ్యి వేస్తే చాలు, కళ్లు అరమోడ్చి నిలబడేది. నేను కూడా దాదాపు అలాగే నిలబడేవాణ్ణని మా చెల్లెలు ఇంట్లో చెప్పింది.

పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. మా తాతల కాలంలో మాదీ పాడి సంసారమే గనుక కులం కలిసింది, కలవనిది భాష ఒక్కటే. వాళ్ల నాన్న (వాళ్లంతా బాపు అనేవారు, తర్వాత నేనూ అన్నాను) ఒకే ఒక్క మాట అడిగాడు. "పెండ్లయినంక గూడ పిల్ల గీ సందులనే ఉంటది గద వదినా. పొద్దుగాల, పొద్దుమీకి అచ్చి సుక్కను పిండిపోతది. అది ఇంకెవ్వలకు ఇయ్యది. మీకేం ఫికర్ లేదు గద?" మా అమ్మ నవ్వి, "దానికేం భాగ్యం అన్నయ్యగారూ, మా ఇంటికీ చిక్కటి పాలొస్తాయి" అంది. ఆ మాటకు తలుపు చాటున ఉన్న అమ్మాయి ముఖం వెలిగింది. నన్ను చేసుకోవడానికి ఒప్పుకున్నప్పుడు కూడా అంతగా వెలగలేదని నేను గమనించాను, కాస్త నొచ్చుకున్నాను కూడా.

నిశ్చితార్థానికి ఉంగరం పెట్టాలన్నారు. మా అమ్మ తన పాత కమ్మల్లో జతపోయిన ఒక కెంపు తీసిచ్చింది. మర్నాడు పాలకు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి చెంబులో పాలు పోస్తూ, తల ఎత్తకుండా, "ఉంగరం చేపిస్తున్నరంట గద. ముళ్లు లేసినట్టు రాయిని పట్టుకుంటది సూడు, గసుంటిది వద్దు నాకు. రాయి సుట్టూత బంగారమే మూసి ఉండాలె. చెయ్యి పెడితే నున్నగ తగలాలె" అంది. పెళ్లికి ముందు ఆమె నన్ను కోరిన కోరిక అదొక్కటే. నేను "అలాగే, తప్పకుండా" అన్నాను. ఎందుకని అడగలేదు. ఆమె నాతో అన్నేసి మాటలు మాట్లాడటం అదే మొదలు, ఆ ఆనందంలో ఆ మాటలకు అర్థం కూడా ఉంటుందని నాకు తోచలేదు. ఏదో కొత్త ఫ్యాషను కాబోలనుకున్నాను.

చార్మినారు దగ్గర సందులో రాళ్లు పొదిగే చాచా ఒకాయన ఉండేవాడు. నేను అక్కడికి వెళ్లిన వారం ఊరంతా ఒకటే మాట, బంద్. రేపు బందట, కాదు ఎల్లుండట, బస్సులు ఉండవట, దుకాణాలు తెరవరట. ఆఫీసులో బంద్, హోటల్లో బంద్, ఇంటికొస్తే మా నాన్న నోట బంద్. నిశ్చితార్థం నాటికి ఉంగరం చేతికి రాకపోతే నలుగురిలో నా పరువేం కావాలని నాకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. అలాంటి సమయంలో చాచా కెంపును వెలుగులో పెట్టి చూసి, నోట్లో పాన్ సర్దుకుని, తాపీగా అడిగాడు. "బంద్ కర్నా యా ఖుల్లా రఖ్నా?"

మూసెయ్యాలా, తెరిచి ఉంచాలా అని. ఈయన దుకాణం సంగతి నన్నడుగుతున్నాడు! ఇంత మర్యాదస్తుణ్ణి ఎక్కడా చూడలేదనుకుని, చేతులు రెండూ ఊపుతూ, "ఖుల్లా చాచా, ఖుల్లా! బంద్ నక్కో! బిల్కుల్ నక్కో!" అని అరిచాను. పక్క దుకాణంలో మనిషి తొంగి చూశాడు. "అరే మియాఁ, చిల్లారే కైకు? ఖుల్లా బోలే తో ఖుల్లా" అన్నాడు చాచా. (ఎందుకయ్యా అరుస్తావు, తెరిచి అంటే తెరిచే, అని.) ఆ గండం గడిచాక అసలు విషయం గుర్తొచ్చింది. రాయి చుట్టూ బంగారం మూసి ఉండాలని ఉర్దూలో ఎలా చెప్పాలో నాకు రాదు. అందుకని వేలితో గాలిలో సున్నా చుట్టి, "సోనా... గోల్... గోల్" అన్నాను. చాచా నన్ను జాలిగా చూసి, "అంగూఠీ గోలీచ్ రహతీ మియాఁ" అన్నాడు. ఉంగరం గుండ్రంగానే ఉంటుందిగా! అర్థమైపోయిందని ఇద్దరం సంతోషంగా తలలూపుకున్నాం.

తీరా బంద్ జరగనే లేదు. ఉంగరం తీసుకోవడానికి వెళితే దుకాణం చక్కగా తెరిచే ఉంది, నా ఉర్దూ బలం వల్లే తెరిచారని మా నాన్నకు చెప్పాను. ఆయన రిక్షాలో కూర్చుని "తొందరగా రారా, ఏ క్షణాన మొదలవుతుందో" అని కేకలేస్తుంటే, గులాబీ కాగితంలో చుట్టిన డబ్బీని అలాగే జేబులో వేసుకుని వచ్చేశాను.

దాన్ని విప్పింది నిశ్చితార్థం పీటల మీదే. కెంపు నాలుగు బంగారు గోళ్ల మధ్య నిక్కి నిలబడి ఉంది. ఆమె వద్దన్న రకమే అది. మా అమ్మ మాత్రం "ఎంత బాగా కనబడుతోందే రాయి!" అని మురిసిపోయింది, పంతులుగారు ముహూర్తం అంటున్నారు, ఆమె చెయ్యి చాపే ఉంది. తొడిగాను. ఆమె ఉంగరం వంక చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. ఆ తర్వాత పెరట్లో సుక్కను కట్టేసిన వైపు చూసింది. "బాగుందా?" అన్నాను. "మంచిగున్నది" అంది. వాళ్ల నానమ్మ వచ్చి, "పెండ్లి దాక ఏలినుంచి తియ్యద్దు బిడ్డా, మంచిగుండది" అని చెప్పి మెటికలు విరిచింది. గండం గట్టెక్కింది, పిల్ల మంచిది, ఇలాంటివి పట్టించుకునే రకం కాదు అనుకుని నేను లడ్డూలు తిన్నాను.

మర్నాడు చెంబు పట్టుకుని వెళితే సుక్క దగ్గర తల్లి కూర్చుని ఉంది. బకెట్టు ఒక మూల పడి ఉంది, పాలు మట్టిలో ఉన్నాయి. కొత్త పెళ్లికూతురు కదా, పని మానేసిందనుకున్నాను. పైగా ఆఫీసులో అందరికీ చెప్పుకుని నవ్వాను. సుక్క ఎవరు కూర్చున్నా ఎగబట్టింది, రోజురోజుకీ పాలు తగ్గి చివరికి ఎండింది. బాపు కొన్నాళ్లు చూసి, దాన్ని బేరగాడికి ఇచ్చేశాడు. అది సందు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆమె గడపలో నిలబడి కుడిచేతిని కొంగు కింద దాచుకుని ఉంది. ఉంగరానికి దుమ్ము తగులుతుందని కాబోలనుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండుతుంది, ఇప్పుడు తలచుకుంటే.

పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మేం ఛత్రినాకకు మారాం. చాలా ఏళ్లకు ఆ ఉంగరం గోళ్లలో ఒకటి తువ్వాలుకు పట్టుకుని విరిగింది. రాయి పడిపోతుందని ఇద్దరం కలిసి పాత చాచా దగ్గరికే వెళ్లాం. గడ్డం నెరిసింది గానీ పాన్ మారలేదు. కెంపును వెలుగులో పెట్టి, "బంద్ కర్నా యా ఖుల్లా రఖ్నా?" అన్నాడు. ఈసారికి నాకు ఉర్దూ వచ్చింది. ఆ ప్రశ్న దుకాణం గురించి కాదని, రాయి చుట్టూ మూసి కట్టాలా, గోళ్లతో తెరిచి ఉంచాలా అనేనని ఒక్కసారిగా వెలిగి, దుకాణంలో పడీపడీ నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ ఆనాటి నా బంద్ భయం, కేకలు, గాలిలో సున్నా, అన్నీ మా ఆవిడకు చెప్పాను.

ఆమె నవ్వలేదు. "గట్లనా?" అంది మెల్లగా.

"ఏం?"

"నేను మూసి కట్టియ్యమంటి. నువ్వు ముండ్లది తెస్తివి. పది మందిల పెట్టిన ఉంగరం తియ్యరాదు, అది పెట్టుకోని పిండితే సుక్కకు గీరుకపోతది. అందుకే నున్నగుండాలె అన్న. ఆఫీసోని పెండ్లాం బర్రెను పిండుడు నీకు నామోషీ గావచ్చు, నోటితోని చెప్పలేక ఉంగరంతోని చెప్పినవ్ అనుకున్న."

"ఒక్క మాట అడగొచ్చు కదా! నాకు ఉర్దూ రాదని తెలియదా?"

"మస్తు వచ్చు అంటివి గద."

ఇన్నేళ్లూ ఈ మనిషి నన్ను అలాంటివాడనుకుని కూడా నాకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే తల పట్టింది, ఒక్కసారైనా దెప్పలేదు. నాలుగు గోళ్ల కోసం ఆమెకు ప్రాణమైనదాన్ని ఆమె చేతులారా వదిలించాను, నాకేమో తెలియను కూడా తెలియలేదు. "బోలో మియాఁ" అన్నాడు చాచా, ఎదురుచూసి. ఆమే చెప్పింది, "బంద్."

మూసి కట్టిన ఆ ఉంగరాన్ని ఇంటికొచ్చాక బొటనవేలితో రెండుసార్లు నిమిరి చూసుకుంది. "ఇప్పుడు గీరది" అంది. పాలు అప్పటికే మాకు సీసాల్లో వస్తున్నాయి.

అప్పట్నుంచి నాకొక రోగం పట్టుకుంది. ఎవరేం చెప్పినా ఎందుకని అడుగుతాను. మెంతికూర తెమ్మంటే ఎందుకంటాను, నీలం చీర కట్టుకుంటే ఎందుకంటాను, కిటికీ మూస్తే ఎందుకంటాను. మా ఆవిడ మొదట విసుక్కునేది. ఇప్పుడు చేస్తున్న పని ఆపి, నా వంక చూసి నవ్వుతుంది. "గప్పుడు అడిగేదుండె" అంటుంది.