చివరి పంక్తి రెండుసార్లు

ఆ రోజుల్లో మాట ఇవ్వడానికి నోరు విప్పాల్సిన పని కూడా లేదు, ఊరికే ఉంటే చాలు. డైరీకి తప్ప ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది: "మా బృందం పరిశీలిస్తోంది" అని నేను అప్పట్లో చెప్పిన జవాబుల్లోని బృందం నేనొక్కదాన్నే. కర్నూల్లో డిగ్రీ చదువుతూ, తెలుగులో పుస్తకాలు టైపు చేసే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కి పని చేసేదాన్ని. అది తలో ఊళ్లో ఉన్న మాలాంటివాళ్లం జీతం లేకుండా తలా కాస్త రాసి నిలబెట్టింది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, పాత కంప్యూటర్లవాళ్ల కోసం పాతదాన్ని కూడా మూడేళ్లు బాగుచేస్తూ ఉండాలని అందరూ ఈమెయిళ్లలో గొప్పగా తీర్మానించారు. ఎవరు చెయ్యాలి అన్న దగ్గర అందరికీ పరీక్షలూ పెళ్లిళ్లూ గుర్తొచ్చాయి. చివరికి ఒకాయన, "అభ్యంతరం లేకపోతే ఈమె పేరు రాస్తున్నాం" అన్నాడు. అభ్యంతరం చెప్పడానికి నాకు సిగ్గేసింది. (రాసి కొట్టేసిన ఏడు వాక్యాలు డైరీలో ఇప్పటికీ ఉన్నాయి.)

పాత వెర్షన్ వాడేవాళ్లలో నా ప్రాణానికి దొరికినవాడు మా వీధి చివరి ప్రెస్సు మామ. "ఏం పాపా, మీ బృందమోళ్లు ఏం చేస్తాండారు? కొత్తదాంట్లో పూల అంచులు ఉండాయంట, మాకూ పెట్టమని చెప్పు. కానీ ఏమీ మార్చగూడదు, చెప్తాండా!" ఏమీ మార్చకుండా పెట్టడం ఎలాగో మామ చెప్పడు. "అడిగి చెప్తా మామా" అని ఇంటికొచ్చి నన్ను నేనే అడిగేదాన్ని. బృందం ఒప్పుకునేది కాదు.

ఆ వెర్షన్‌లో ఒక జబ్బు ఉండేది. ప్రతి పేజీ చివరి పంక్తి తెర మీద కనిపించేది, కాగితం మీదికి వచ్చేది కాదు. నెల రోజులు కుస్తీపట్టి సరిచేసి, నేనే వెళ్లి మామ కంప్యూటర్‌లో ఎక్కించాను. "ఏమీ మార్చలేదు గదా?" అన్నాడు. గొడవెందుకని "లేదు మామా" అన్నాను. మామ ఆ జబ్బుతో ఎప్పుడో రాజీపడ్డాడని నాకేం తెలుసు? చివరి పంక్తిని రెండుసార్లు టైపు చేసేవాడట, ఒకటి ఎగిరిపోతే ఒకటి మిగలాలని!

అప్పుడు మామ చేతిలో ఉన్నది ఆత్మకూరు దగ్గరి ఒక పల్లె చర్చి పాటల పుస్తకం. కూలికెళ్లే ఆడవాళ్లు వండే ముందు రోజూ పిడికెడు బియ్యం పక్కన పెట్టి, అలా కూడబెట్టినవి అమ్మి అచ్చు వేయించుకుంటున్నది. పేజీకొక పాట. అలవాటు కొద్దీ మామ ప్రూఫు చూడలేదు. పుస్తకాలు వెళ్లిపోయాక మా గుమ్మంలోకొచ్చి పడ్డాడు.

"పాపా, అన్ని పాటలకూ చివరి పంక్తి రెండుసార్లు పడిండాది! వాళ్లు తిప్పి పంపితే నా ప్రెస్సు మూసుకోవాల్సిందే. ఆ మార్చినోడు యాడుండాడు? పిలిపించు!"

"రాడు మామా."

"ఎందుకు రాడు?"

"శానా సిగ్గరి మామా."

"పని చెడగొట్టేటప్పుడు యాడ పోయింది ఆ సిగ్గు?"

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా మామ ఆ సిగ్గరిని తిడుతూనే ఉన్నాడు, నేను తలూపుతూనే ఉన్నాను. ఆ ఆడవాళ్లు పుస్తకాలు వద్దంటే తప్పు నాదేనని అక్కడే ఒప్పుకోవాలని మనసులో వాక్యాలు పేర్చుకున్నాను. మేం వెళ్లేసరికి పాట సాగుతోంది. అందరి చేతుల్లోనూ కొత్త పుస్తకాలే. చివరి పంక్తి వచ్చింది. పాడారు. పుస్తకంలో ఉంది కదా అని మళ్లీ పాడారు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, కళ్లు మూసుకుని.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారి భార్య ఎదురొచ్చింది. మామ నోరు తెరిచేలోపే, "శానా బాగా వేసినావప్పా. ఇంతకుముందు పాట ఇట్ల మొదలుపెడితే అట్ల అయిపోతాండె. ఇప్పుడు నిలబడతాండాది" అంది.

"అంతా ఈ పాప బృందం పనేనమ్మా!" అన్నాడు మామ. (బస్సు దిగి గంట కాలేదు.)

ఇప్పుడు ఉద్యోగంలో నాకు నిజంగానే ఒక బృందం ఉంది. ఎవరైనా ఏదైనా సరిచేస్తామంటే, వాడేవాళ్లను అడిగారా అంటూ విసుక్కుంటాను. ఆనక, ఆ ఆదివారం బస్సులో పేర్చుకున్న వాక్యాలన్నీ మరిచిపోయి "అమ్మా, ఆ బృందమంటే..." దగ్గరే ఆగిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆగకపోయినా లాభం లేదులెండి. అప్పటికే పాస్టరుగారి భార్య నా చెయ్యి పట్టుకుని చెబుతోంది:

"మీ బృందమోళ్లకు నా మాటగా చెప్పు తల్లీ, రేపు కొత్తదేందో చేస్తామని ఆ రెండోసారి మాత్రం తీసెయ్యద్దని."