మస్తాన్ గారి రెండో ఫోను

మొన్న సాయంత్రం మా అపార్టుమెంటు మెట్ల మీద అందరం దగ్గుతూ నిలబడ్డాం. రెండో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళు మనవడికి దిష్టి తీసి, గుప్పెడు ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశారట. కళ్ళు తుడుచుకుంటూ నేను చేసిన మొదటి పని, గాలి ఎటు వీస్తోందో చూడటానికి వరండా చివరికి నడవటం. ఎందుకలా నడిచానో అక్కడ నిలబడ్డాక తెలిసింది. మిరప పొగకు ఎదురు వెళ్ళకూడదని నాకు చెప్పినాయన షేక్ మస్తాన్ గారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి నేను పత్రికలో ఒకే ఒక్కసారి రాశాను, అదీ తప్పుగా.

ఎనభైల్లో నేను సత్తెనపల్లికి కొంత దూరంలో ఒక చిన్న పట్నంలో విలేకరిని. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. ఎండలు ముదిరితే రోజూ ఎక్కడో ఒకచోట నిప్పంటుకునేది. అందుకని పొద్దున పోలీసు స్టేషను, మధ్యాహ్నం ఫైరాఫీసు నా దినచర్య. ఫైరాఫీసులో ఫోను దగ్గర కూర్చునే మనిషి మస్తాన్ గారు. పలచటి మనిషి, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలు. బల్ల మీద నల్ల ఫోను, పక్కన కాల్స్ రాసే రిజిస్టరు, తల పైన ఇంజన్‌వాళ్ళను లేపే గంట తాడు. ఆ తాలూకాలో ఎక్కడ నిప్పంటుకున్నా కబురు చెప్పడానికి అదొక్కటే ఫోను.

ఆయన మాట్లాడే పద్ధతి మొదట్లో నాకు నచ్చేది కాదు. అవతల ఎవరో ఊరి పోస్టాఫీసు నుంచి గోల పెడుతుంటాడు. ఈయన గంట కొట్టి, ఇంజన్ స్టార్టు చేయించి, తీరిగ్గా ప్రశ్నలు వేసేవాడు.

"నీళ్ళెక్కడున్నాయండి?"

"నీళ్ళుంటే మిమ్మల్నెందుకు పిలుస్తామయ్యా? ముందు బయల్దేరండి!"

"బయల్దేరతన్నాం. బావికి మోటారుందా? కరెంటుందా ఇప్పుడు? డొంకదారిలో బండ్లేమన్నా అడ్డం ఉన్నాయా? గాలెటుంది?"

గుమ్మం బయట ఇంజన్ గుర్రుమంటూ ఉండేది. ఆ రోజుల్లో ఇంజన్‌లో వైర్‌లెస్ లేదు. ఒకసారి గేటు దాటితే ఇక చెప్పే దారి లేదు. చెప్పాల్సిందంతా చీటీ మీద రాసి డ్రైవరు చేతికిచ్చాకే ఆయన బండిని వదిలేవాడు.

ఒక వేసవి మధ్యాహ్నం, పది మైళ్ళ అవతలి ఊరి నుంచి ఒక రైతు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. వాళ్ళ వీధిలో తాటాకు ఇళ్ళన్నీ కాలిపోయాయి. అక్కడ నిప్పంటుకున్న వేళకు మస్తాన్ గారు ఇంకో ఊరి కాల్ మీద ఉన్నారు. ఆ రైతు తిట్టలేదు. "చానాసేపు చేయించామండి. మీ ఫోను ఖాళీ లేదన్నారు ఎక్స్ఛేంజిలో" అని, కుండలో నీళ్ళు తాగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మస్తాన్ గారు ఆ రోజు అన్నం క్యారియర్ మూత తీయలేదు. ఇంకో లైను కావాలని పైవాళ్ళకు అర్జీ రాశారు. తర్వాత రెండుసార్లు రాశారు.

జవాబుగా అన్ని ఫైరాఫీసులకూ కలిపి ఒక ఉత్తర్వు వచ్చింది. రెండో ఫోనుకు, వైర్‌లెస్‌కు ప్రభుత్వం నిధులిస్తుంది. అయితే అందరికీ కాదు, పని బాగా చేసేవాళ్ళకు. ఫోను మోగినప్పటి నుంచి ఇంజన్ గేటు దాటేదాకా ఎంతసేపు పట్టిందో చూసి, తక్కువ పట్టినవాళ్ళను ముందు వరుసలో పెడతారు. ఆ పద్ధతి నాకు సబబుగానే తోచింది. ఆరునెలలకు జాబితా వచ్చింది. మా ఫైరాఫీసు అట్టడుగున ఉంది.

నేను ఎవరినీ అడగలేదు. అంతా కళ్ళారా చూశాననుకున్నాను. 'ఇల్లు కాలుతుంటే ఇంటర్వ్యూ' అని శీర్షిక పెట్టి రాసి పంపాను. జిల్లా పేజీలో పైన వేశారు. మర్నాడు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మూడో రోజు వెళితే ఆయనే టీ తెప్పించారు.

"హెడ్డింగు బాగా కుదిరిందండి. మా ఇంటావిడ కూడా నవ్వింది" అన్నారు. టీ తాగాక రిజిస్టరు నా ముందుకు జరిపారు. "గేటు దాటేదాకా లెక్కేశారు, సరే. మంట ఆరేదాకా ఎంత పట్టిందో కూడా ఇందులోనే ఉంది. అదెందుకు చూళ్ళేదు?"

చూశాను. ఆయన రాకముందు రాసిన పేజీల్లో ఇంజన్ చటుక్కున గేటు దాటేది. తర్వాత దారి తప్పి వాగుకు అవతలి ఒడ్డున తేలేది. లేదంటే ట్యాంకులో నీళ్ళు నిమిషాల్లో అయిపోయి, బావి ఎక్కడో తెలియక తిరిగి పట్నానికి వచ్చేది. ఆయన పేజీల్లో బయల్దేరడం ఆలస్యం, ఆర్పడం తొందర. నేను అంతకాలం ఆ బల్ల పక్కనే కూర్చుని, ఆ చివరి గడి ఒక్కసారీ చదవలేదు.

అప్పుడే స్టేషన్ ఆఫీసరు రంగారావు గారు లోపలికి వచ్చారు. మంచి మనిషే. నా ఎదుటే అనేశారు: "మస్తానూ, పేపరాయన ఉన్నాడని నాకు మొహమాటం లేదయ్యా. గేటు టైము రెండు నిమిషాలు తగ్గించి రాస్తే మనకు ఫోనొస్తుంది. ఊళ్ళకే కదా మంచిది? ఎవరికి నష్టం?"

"నాకేనండి నష్టం" అన్నారు మస్తాన్ గారు. "ఏ ఊరికి ఎంతసేపు పడుతుందో ఈ పుస్తకం చూసే చెప్తన్నా. రేపు ఇదే అబద్ధమైతే నేను దేన్ని చూసుకోను?"

రంగారావు గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "అయితే ఆ ఫోను మీద ఆశ వదులుకో" అన్నారు.

ఆయన వదులుకోలేదు. ఫోనులో అడిగే ప్రశ్నలు ముందే అడిగేస్తే పోతుంది కదా అనుకున్నారు. సెలవు రోజుల్లో సైకిలెక్కి ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. చేసిన తప్పు దిద్దుకున్నట్టవుతుందని నేనూ కొన్నిసార్లు వెంట వెళ్ళాను. ఒక ఊళ్ళో మిరప కల్లం కాస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి పకపకా నవ్వాడు.

"ఏంది మస్తానుగారా, నిప్పంటుకోకముందే వచ్చారు? ఎప్పుడూ ఆరిపోయాక కదా మీరొచ్చేది!"

"ఈసారి తొందరపడ్డాలే మామా. ఆ మోటారు స్విచ్చి గది తాళం ఎవరి దగ్గరుంటది?"

"మా కోడలి కొంగుకుంటది. రాసుకో."

నిజంగానే రాసుకున్నారు. ఎవరి బావిలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, ఏ డొంకదారి ఇంజన్‌కు సరిపోతుంది, ఏ ఊరి స్వాగత ద్వారానికి ఇంజన్ మీది నిచ్చెన తట్టుకుంటుంది, అన్నీ. ఊరికో కాగితం చొప్పున రెండు కట్టలయ్యాయి. ప్రతి కాగితానికీ ఒక నకలు డ్రైవరు సీటు కింద ఉండేది. పోస్టాఫీసుల్లో ఫోను పక్కన ఆయన స్వహస్తంతో ఒక ముక్క అంటించారు: ముందు ఊరి పేరు, తర్వాత తగలబడేది ఏమిటో, తర్వాత గాలి ఎటో చెప్పండి.

మరుసటి ఏడు జాబితాలో మేము మొదటి వరుసకు రాలేదు. నడిమికి వచ్చాం. తనిఖీకి వచ్చిన అధికారి ఆ కాగితాల కట్ట ముందేసుకుని గంటసేపు కూర్చున్నాడు. తను పుట్టిన ఊరి కాగితం తీసి చూసి, "ఈ బావి పూడ్చేశారే" అన్నాడు. "ఉగాదికి మళ్ళీ తవ్వారండి" అన్నారు మస్తాన్ గారు. ఆ అధికారి ఏం రాసుకుపోయాడో తెలియదు. వైర్‌లెస్ రాలేదు గానీ, వానల తర్వాత ఫోను వచ్చింది.

అది వచ్చిన వారానికి, నేను అక్కడుండగానే రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఆ పూట ఆయనకు తోడు మనిషి లేడు. ఒక రిసీవరు తను ఎత్తి, రెండోది నాకు అందించి, "ఊరి పేరడగండి" అన్నారు. అవతల ఒక ఆడమనిషి గొంతు. ఊరి పేరు అడిగాను. చెప్పింది. పత్తి, తూర్పు గాలి అని కూడా నేనడక్కుండానే చెప్పింది. నేను ఊరి పేరు పలికీ పలకగానే మస్తాన్ గారు ఎడమచేత్తో ఆ కాగితం లాగి ముందు పెట్టారు. రెండు ఊళ్ళూ ఒకే దారిన ఉన్నాయని చూసి, గంట కొట్టి, చీటీలో ఒకదాని కింద ఒకటి రాసిచ్చారు. ఇంజన్ గేటు దాటుతుంటే గడియారం చూసి, ఉన్న టైము ఉన్నట్టు రాశారు.

నా తప్పును సవరిస్తూ రాసిన వార్తను డెస్కువాళ్ళు పాతబడిందని వేయలేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది. అందుకేనేమో, తర్వాత పాతికేళ్ళ ఉద్యోగంలో పాఠశాలలవి, ఆసుపత్రులవి, ఎవరు మెరుగో ఎవరు వెనకో తేల్చే పట్టిక ఏది బల్ల మీదికి వచ్చినా నా వేలు ముందు అట్టడుగు పేరు మీదికి వెళ్ళేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్ర విలేకరులకూ ఆ పేరుగలవాళ్ళకే ముందు ఫోను చేయమంటాను. ఎందుకు ఆలస్యమైందని కాదు, ఆ ఆలస్యంలో ఏం చేస్తున్నారని అడగమంటాను. చాలాసార్లు వాళ్ళు ఏమీ చేస్తుండరు. ఎప్పుడో ఒకసారి అవతలి మనిషి "ఇంతవరకూ ఎవరూ అడగలేదండి" అని మొదలుపెడతాడు.