చార్టులో బూడిద రంగు

తొంభైల చివర్లో భద్రాచలం ఏజెన్సీలోని ఒక మంచినీళ్ల ఆఫీసులో కంప్యూటర్ పని నాది. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లకు నీళ్లు లేవో డేటాబేస్‌ను అడిగితే, వచ్చిన లెక్కను ఒక ప్రోగ్రాం రంగురంగుల గుండ్రటి చార్టుగా గీసి ఇచ్చేది. అడవిలోని చిన్న గూడేల ముక్కలు మరీ సన్నగా వచ్చి, పేర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందం చెడుతోందని వాటన్నిటినీ కలిపి 'ఇతరములు' అని బూడిద రంగు వేశాను.

మా ఆఫీసరు చార్టు మెచ్చుకుని, అందులో పేరున్న ఊళ్లకే ఈ ఏడాది బోర్లు అన్నాడు. ఇంకా సంతకం మాత్రం పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఒక గూడెం పెద్ద ఇద్దరు మనుషులతో వచ్చి, చార్టులో ఉన్న ఊళ్లకే బోర్లని వరండాలో విని, గోడ మీది చార్టు ముందు నిలబడ్డాడు.

"మా గూడెం గిండ్ల ఏ రంగు సారూ?"

నిజం చెబితే చార్టు మళ్లీ గీయాలి, దొరికిన మెప్పు పోతుంది. వేరే ఊరి ఆకుపచ్చ ముక్క మీద వేలు పెట్టాను.

"నీళ్లు లేకున్నా మనూరు పచ్చగనే ఉన్నది మామా," అన్నాడు వెంట వచ్చినాయన. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం ఆఫీసరు సంతకం పెట్టాడు. బోరు బండి వస్తుందని ఆ గూడెంవాళ్లు పొదలు కొట్టి, రాళ్లు ఏరి బాట వెడల్పు చేశారని తర్వాత విన్నాను. వానలు పడేదాకా ఆ బాటన ఏ బండీ పోలేదు. వాళ్లు మళ్లీ ఆఫీసుకు వస్తారేమోనని నేను నా సీటును వెనక గదిలోకి మార్పించుకున్నాను.