చక్రం కింది చెక్కలు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అన్నానని జాలిపడకండి. మోసినన్నాళ్లూ బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, సొంత ఇల్లు కట్టుకున్నాను. బరువు మాత్రం అలాగే ఉంది. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు. విన్నాక ఓదార్చడానికి మాత్రం రావద్దు.

ముందే ఇంకో సంగతి. నేను ఎవరికి అన్యాయం చేశానో ఆ మనిషంటే నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు. అతని పేరు నరసింహ.

మా కంపెనీకి ఊరి బయట పెద్ద థీమ్ పార్కు ఉండేది. నీళ్ల ఆటలు, జెయింట్ వీల్, గుట్ట మీద హోటలు. ఆఫీసు పంజగుట్టలో. గేటు నుంచి హోటలు దాకా జనాన్ని తీసుకెళ్లడానికి పాత చుక్‌చుక్ బండ్లు ఉండేవి. ట్రాక్టరుకు రైలింజను ముసుగు తొడిగి, వెనక డబ్బాలు తగిలించినవి. పొగంతా మొదటి డబ్బాలో కూర్చున్నవాళ్ల మొహాన కొట్టేది. వానొస్తే పైకప్పు కారేది. గుట్ట ఎక్కలేక ఆగిపోతే జనమే దిగి తోసేవాళ్లు. అప్పుడప్పుడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగులను బస్సుల్లో పిక్నిక్‌లకు పంపుతున్నాయి. వాళ్లు మా బండ్లను చూసి నవ్వుకునేవారు. అందుకని వాటిని తీసేసి బ్యాటరీ బండ్లు తేవాలనుకున్నారు. ఆ పని నాకూ నరసింహకూ కలిపి అప్పగించారు. బండ్లు ఎంచి తెప్పించడం నాది, వాటిని నడిపించే ఏర్పాట్లు అతనివి.

నేను కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేదాన్ని. నాతో గదిలో ఉన్నవాళ్లంతా మైత్రీవనంలో కోర్సులు చేసి ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయారు. మెకానికల్ చదివిన నేను బొమ్మరైళ్ల దగ్గర మిగిలిపోయాను. ఈ కొత్త బండ్లు నా పనితనమని అందరూ అనాలి. ఆ రోజుల్లో నాకున్న ఆశ అదొక్కటే.

నరసింహది సిరిసిల్ల. ఇద్దరిదీ ఒకే హోదా. మీటింగులో నేను నోరు తెరిస్తే కిటికీ వైపు తిరిగేవాడు. నా యాసను నా ముందే అనుకరించేవాడు. ఒకసారి అందరూ ఉండగా, "కంప్యూటర్ల సీటు దొరకనోళ్లంత గిట్ల మా నెత్తిన కూసుంటున్నరు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు అతన్ని మరింత ద్వేషించాను.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. హోటలు ముందు రోడ్డు బాగా వాలు. కొత్త బ్రేకులు డ్రైవర్లకు ఇంకా అలవాటు కాలేదు. కొన్నాళ్లపాటు బండి ఆగినప్పుడల్లా వెనక చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టమని బండ్లు అమ్మినవాళ్లే చెప్పారు. అది చూసుకోవాల్సింది నరసింహ. పెట్టాడు. నా కళ్ల ముందే వంగి పెట్టాడు. చేతులు దులుపుకుని, "బండి మీది మేడం, దాన్ని ఆపేది నేను" అని పళ్లికిలించి, అతిథుల కోసం గేటు దగ్గరికి వెళ్లాడు.

తెల్లగా మెరుస్తున్న నా బండి కింద మట్టి కొట్టుకున్న ఆ చెక్కలు. ఫోటోగ్రాఫర్లు వచ్చేస్తున్నారు. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు కదా, కాసేపటికేం కాదులే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక నా బండి కింద అతని చెయ్యి పడటం ఓర్చుకోలేకపోయానా? అందం కోసమే అయితే డ్రైవరుకు ఒక్క మాట చెప్పి తీసేదాన్ని. చెప్పలేదు. చప్పుడు కాకుండా లాగి, పూలకుండీల వెనక పడేశాను. ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది. అదీ చెప్పేస్తున్నాను.

డైరెక్టరు గారు వచ్చారు. డ్రైవరును దిగి తన పక్కన ఫోటోకు నిలబడమన్నారు. చెక్కలున్నాయన్న ధీమాతో అతను హ్యాండ్‌బ్రేకు సరిగా లాగకుండా దిగాడు. బండి మెల్లగా వెనక్కి కదిలింది. పాత బండి అయితే ఆ మోతకు ఎవరైనా తప్పుకునేవారు. కొత్తది చప్పుడు చేయదు. అదే దాని గొప్ప అని కరపత్రంలో రాసింది నేనే. అతిథులకు గులాబీలివ్వడానికి రిసెప్షన్ నుంచి పిలిపించిన సరళ అనే అమ్మాయి బండి వెనక, గోడ పక్కన, అటు తిరిగి నిలబడి ఉంది. ఆమె కాలు బండికీ గోడకీ మధ్య నలిగింది.

అందరూ సరళ దగ్గరికి పరుగెత్తారు. నేను పూలకుండీల దగ్గరికి వెళ్లాను. చెక్కలు తీసుకెళ్లి స్టోరు గదిలో, ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశాను. అసలు బయటికే తీయనట్టు. చెక్కలు తీసింది అసూయతో అనుకుందాం. ఇది దేనితో చేశాను? దీనికి నా దగ్గర పేరు లేదు.

తర్వాత పంజగుట్ట ఆఫీసులో మమ్మల్నిద్దరినీ పిలిచారు. చెక్కలు ఉంటాయనుకున్నానే గానీ కళ్లతో చూడలేదని డ్రైవరు అప్పటికే చెప్పేశాడు.

"నేను పెట్టిన సార్. నా చేతుల్తోని పెట్టిన. మేడం గాడనే ఉన్నది, అడుగున్రి" అన్నాడు నరసింహ.

డైరెక్టరు గారు నా వైపు చూశారు.

"చెక్కలేం లేవండి. నేను చూసేసరికి అక్కడేం లేవు" అన్నాను.

నరసింహ నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దారి తప్పినవాడిలా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అతని ఉద్యోగం పోయింది. సరళ కుంటుతూ తిరిగొచ్చి, కొన్నాళ్లకు తనే మానేసింది. బ్యాటరీ బండ్లు బాగా నడిచాయి. నాకు ప్రమోషన్ ఇచ్చారు. ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతూ, పీడ విరగడైందనుకున్నాను.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదేమో. చాలా ఏళ్ల తర్వాత అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, జాకెట్టు కుట్టించుకుందామని ఒక టైలరు షాపులోకి వెళ్లాను. కౌంటర్లో నరసింహ ఉన్నాడు. జుట్టు నెరిసింది. వెనక్కి తిరిగిపోదామనుకునేలోపే గుర్తుపట్టాడు.

"నమస్తే మేడం. జర కూసోన్రి" అని స్టూలు తుడిచాడు. "బామ్మర్ది షాపు. నేను సుత ఈడనే ఉంటున్న."

బాగున్నారా అని అడిగాను. అతను టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మొదలుపెట్టాడు.

"గా దినం మీ మీద మస్తు కోపమొచ్చింది మేడం. అబద్ధం చెప్తున్నరనుకున్న. తర్వాత ఇంట్ల కూసొని సోంచాయించిన. మీకు నాకు పడకపాయె, గని గంత పాపం మీరెందుకు చేస్తరు? స్టోర్ల చెక్కలు ఉన్న జాగల్నే ఉన్నయట. నేనే మరిచిపోయిన. పెట్టిన అనుకున్న, పెట్టలే."

నేను చేతిలోని జాకెట్టు గుడ్డను మళ్లీ మడతపెట్టాను.

"సరళ ఇంటికి పోయిన. తప్పు నాదే బిడ్డా అని చెప్పిన. వాళ్ళమ్మ మొహం మీద తలుపేసింది. వెయ్యదా మరి! గప్పటి సంది బండి నడుపుత లేను. షాపుకు తాళమేసి పోతా, సగం దూరం పోయి మల్లొస్తా, ఏసిన్నో లేదో అని. నా మీద నాకే నమ్మకం లేదు మేడం."

అప్పుడే చెప్పాల్సింది. షాపులో ఇంకెవరూ లేరు. ఒక్క మాట చాలు. మీరైతే చెప్పేవాళ్లా? నేనేమన్నానో వినండి.

"పోనీలెండి నరసింహ గారూ, మీరేమన్నా కావాలని చేశారా ఏంటి! ఎవరికైనా జరుగుతుంది" అన్నాను.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీది పెద్ద మనసు మేడం" అని చేతులు జోడించాడు.

అర్థమైందా? నేను అతన్ని క్షమించాను. అతను చేయని తప్పుకు నేను అతన్ని క్షమించి, దండం కూడా పెట్టించుకుని వచ్చాను. కాలు నలగడం, ఉద్యోగం పోవడం, అన్నిటికన్నా నాకు ఇదే నీచంగా కనిపిస్తుంది. అతను మళ్లీ మీటింగుల్లోలా నన్ను వెక్కిరించి ఉంటే బాగుండేది. మెత్తబడి, వంగిపోయి నా ముందు నిలబడ్డాడు. ఆ నరసింహను తయారుచేసింది నేను. జాకెట్టు గుడ్డ అక్కడే వదిలేశాను. మళ్లీ ఆ సందులోకి వెళ్లలేదు.

షాపు ఇంకా ఉందట. అతనూ ఉన్నాడట. ఆటో ఎక్కితే ఎంతసేపు? వెళ్తానని మీకు మాటివ్వను, నా మాటకెంత విలువో ఇప్పుడు మీకు తెలుసు. వెళ్లి నిజం చెబితే నన్ను కొట్టినా కొడతాడు. కొట్టాలి కూడా.

ఆ చెక్కలు నరసింహ పెట్టాడు. తీసింది నేను. ఇన్నేళ్లలో ఈ మాటను ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద కూడా పెట్టలేదు. రాశాక మళ్లీ చదువుకున్నాను. కొట్టేయలేదు. గుండెలో కాస్త తేలికగా ఉంది. అతనికి చేరాల్సిన నిజాన్ని మీకు చెప్పుకుని, ఈ తేలికను కూడా ముందు నేనే తీసుకున్నాను.