చెరువులో లాగిన ట్రాల్ తలుపులు

మేడ్చల్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో నేను డిజైన్లు గీస్తాను. గేట్లు, ట్యాంకులు, రేకుల షెడ్లు మా రోజువారీ పని. కిందటేడు కాకినాడ వైపు బోటు యజమాని ఒకాయన ట్రాల్ తలుపులు కావాలన్నాడు. బోటు వెనక లాగే వలకు రెండు పక్కలా కట్టే ఇనుప పలకలవి. నీటి ఒత్తిడికి చెరోవైపు జరిగి, వల నోరు తెరిచి ఉంచుతాయి.

ఆయన పంపిన నమూనా బల్లలా చదునుగా ఉంది. అది బురదలో దిగబడుతుందనిపించింది. పలకకు వంపు తిప్పి, ముందు అంచు దగ్గర నీళ్లు పోయే సందు వదిలిన రకం కూడా ఉందని, రెండూ పోల్చి చూద్దామని షెడ్డు నడిపే మా సార్‌తో అన్నాను.

"షామీర్‌పేటల పుట్టినదానివి, సముద్రం సంగతి నీకేం ఎర్క? ఇచ్చింది గియ్యి," అన్నాడు.

ఒళ్లు మండింది. తుక్కు రేకుతో రెండు రకాలకూ మూరెడేసి జతలు చేయించి, ఆదివారం ఇంటికి పట్టుకెళ్లాను. మా బాపు షామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. సంగతి చెప్పి తెప్ప అడిగితే మొహం చిట్లించాడు.

"గా వల అడుగంత ఊడ్సుకపోతది. పిల్లసేపలను గూడ ఇడ్వది. గసుంటిదానికి పని జేస్తున్నవా నువ్వు?"

"నేను జెయ్యకుంటె ఆగుతదా బాపూ? అడుగు తక్కువ గీకేది ఏందో సూస్త."

ఆయన గొణుక్కుంటూనే తెప్ప తోశాడు. జతలను ఒక్కొక్కటిగా లోపల వదిలాడు. ఎటు పోతున్నాయో పైకి కనబడేలా వాటికి ముందే దారాలతో థర్మాకోల్ ముక్కలు కట్టి ఉంచాను. తాళ్లు రెండూ నడుముకు చుట్టుకుని గట్టు పైకి నడిచాను. చదునువి కాసేపటికే బురదలో కూరుకుని పక్కకు ఒరిగాయి. తాడు నన్నే వెనక్కి గుంజింది. వంపువి చెరోవైపు జరిగి, తేలిగ్గా వచ్చాయి.

బోటాయన షెడ్డుకు వచ్చినప్పుడు మా సార్ ఆగమని కళ్లతో సైగ చేస్తున్నా, చూసిందంతా చెప్పేశాను. బోటాయన శ్రద్ధగా విని, "మలుపు తిరిగేటప్పుడు పడిపోవు కదమ్మా?" అని అడిగాడు.

"చెరువుల మలుపు తిప్పలేదు. సముద్రంల నేను సూడలేదు. ఒక జత కట్టి సూడుండ్రి."

ఆయన ఒక జతకు ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. లాగడం తేలికైంది, బురద తక్కువ లేస్తోంది, కానీ బోటు తిరిగినప్పుడు లోపలి వైపు తలుపు పడుకుంటోందట.

"జెప్పిన్నా లేదా? ఇగ పాతదే జేద్దాం," అన్నాడు మా సార్.

"పాతది గియ్య సార్. తాడు తగిలించే కొక్కెం జాగ మార్చి, పడుకోకుంట ఉంటదేమో సూస్త," అన్నాను.

ఆయన విసుక్కుంటూ బయటికి వెళ్లాడు. బాపు ఇప్పటికీ ఈ పనిని మెచ్చడు. నేను కొక్కేన్ని కొంచెం ముందుకు జరిపి, బొమ్మ మళ్లీ గీయడం మొదలుపెట్టాను.